అరిగిన పార
(అస్కా డైరీ, గంజాం జిల్లా, ఒడిశా, 2024)

జూన్ 9

నాన్న పోయాక మూడేళ్ళు పెరట్లో అడుగు పెట్టలేదు. పన్నెండు డెసిమళ్ళ నేల. ఒకప్పుడు వంగ, బెండ, ఓ మూల నాలుగు దుబ్బులు చెరుకు ఉండేవి. ఇప్పుడు గోడ నుంచి గోడ దాకా ఒకటే పచ్చటి చాప. గత నెల మిషన్ అబ్బాయిని పిలిచాను. భుజానికి తగిలించుకుని గిర్రున తిప్పే గడ్డి మిషన్. గంటన్నరలో నేలంతా గొరిగేసి, కూలీ, పెట్రోలు ఖర్చూ తీసుకుని వెళ్ళాడు. తొమ్మిదో రోజుకి మళ్ళీ పచ్చబడింది. పదిహేనో రోజుకి మునుపటికంటే ఒత్తుగా లేచింది.

తప్పు ఆ అబ్బాయిది కాదు, మిషన్‌దీ కాదు. నేను చెప్పిన పనే తప్పు. గడ్డి కోయడం ఒక పని, చెక్కడం ఇంకో పని, తవ్వడం మూడో పని. మూడింటికీ మూడు ఇనుములు. నాన్నకి ఇది చెప్పకుండానే తెలుసు. నాకు అరవై రెండో ఏట తెలుస్తోంది.

సాయంత్రం ఒక పెళ్ళ పెకలించి చూశాను. పైన గరిక. అది నేలమీద కాళ్ళు చాపుకుని కణుపు కణుపుకీ వేరు దించుతుంది, నేల లోపల కూడా కాండం పాకిస్తుంది. దాని కింద తుంగ. ఆకు లాగితే ఆకే వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. గోడ పక్కన దర్భ. దాని తెల్లటి వేరుకాండం మొన సూదిలా ఉంది, చూపుడువేలికి గుచ్చుకుంది. మూడూ అల్లుకుపోయి మట్టిని పట్టుకున్న తీరు చూస్తే, గడ్డికి మట్టి ఆధారమా, మట్టికి గడ్డి ఆధారమా చెప్పలేం.

జూన్ 14

ఇవాళ మొదలుపెడదామని పార పట్టుకుని బయటికి వస్తే పక్కింటావిడ గోడ మీంచి చెయ్యి ఊపింది. వాళ్ళది పూరీ వైపు. "మాస్టారూ, ఇవాళ పహిలి రజ. మూడు రోజులు నేల తవ్వకండి." రజ పండుగ మూడు రోజులూ భూదేవి ముట్టయి ఉంటుందని నమ్మకం. దున్నడం లేదు, తవ్వడం లేదు. ఆడపిల్లలకి ఉయ్యాలలు, ఇంట్లో పొడొ పిఠా అనే పిండివంట. నాలుగో రోజు భూదేవికి స్నానం. మా గంజాం తెలుగిళ్ళలో ఈ పండుగ లేదు. అయినా పార లోపల పెట్టేశాను. తొలకరికి ముందు నేలకి మూడు రోజులు విశ్రాంతి ఇవ్వాలన్న ఆలోచన నాకు నచ్చింది. పనిముట్లకీ అంతే కదా.

ఆ విశ్రాంతిలో కొట్టుగది తెరిచి నాన్న సామాను ఒక్కొక్కటే బయటపెట్టాను. గునపం ఒకటి, నా భుజం దాకా వస్తుంది. ఒక చివర మొన, ఇంకో చివర ఉలిలా చదును. కొడవళ్ళు రెండు, పళ్ళున్నది ఒకటి, పళ్ళు లేనిది ఒకటి. బొరిగె ఒకటి, జానెడు పిడి, అరచేతంత ఆకు. పారలు మూడు. మొదటిది పెద్దది, బరువైనది, రేకు మీద ఫ్యాక్టరీ ముద్ర ఇంకా తెలుస్తోంది. రెండోది పొడవు తగ్గి పలకలా ఉంది. మూడోది మరీ చిన్నది, బెత్తెడు కూడా లేదు, పల్చగా ఉంది, అంచు చంద్రవంకలా అరిగింది. మూడు రకాల పనికి నాన్న మూడు రకాల పారలు కొన్నాడనుకున్నాను.

జూన్ 18

వీధి చివర ఉండే, అందరం అప్ప అని పిలిచే ఆమెని సాయానికి రమ్మన్నాను. ఇచ్ఛాపురం నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చి నలభై ఏళ్ళు దాటింది. గట్లు చెక్కడంలో, చెరుకు తోటల్లో కలుపు తీయడంలో ఈ చుట్టుపక్కల ఆమెకి పేరు. వస్తూనే మూడు పారలూ వరసగా పేర్చి చూసి నవ్వింది.

"ఇవి మూడు కావు బాబూ. మూడూ ఒక్క పారే. వయసులే వేరు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కొత్త పార మట్టి తవ్వడానికి. దాని బరువే దాన్ని నేలలోకి దించుతుంది. నాలుగైదేళ్ళు రాళ్ళకీ మట్టికీ అరిగి సగమయ్యాక అది గట్టు చెక్కడానికి పనికొస్తుంది. చెయ్యి తిప్పినట్టు తిరుగుతుంది, వరిగట్టు పక్కని గోడలా నున్నగా కోస్తుంది. ఇంకా అరిగి అంచు కాగితంలా పల్చబడ్డాక, ఇక పారేయాలి అని అందరూ అనుకునేటప్పుడు, అది దోకుడుపార అవుతుంది. గడ్డి కిందకి అలా చొచ్చుకుపోయే పల్చటి అంచు కొత్త పారకి ఎంత సాన పట్టినా రాదు. నాన్న ఏ పారనీ పారేయకపోవడానికి పిసినారితనం కారణమని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. అమ్మ కూడా అనుకునేది.

తరవాత పని చూపించింది. ముందు గునపం చదును చివరతో నేలమీద గళ్ళు కొట్టింది, అడుగు పొడవు, అడుగు వెడల్పు. ఆ గీతలు వేళ్ళని నిలువునా తెంపుతాయి. తరవాత అరిగిన పారని గడి అంచున రెండు వేళ్ళ లోతులో పడుకోబెట్టి తనవైపు లాగింది. గడ్డిపెళ్ళ చాప చుట్టలా లేచి వచ్చింది. నేను పార పైకెత్తి కొట్టబోతే ఆపింది.

"కొట్టకండి బాబూ. కొడితే మట్టి లేస్తది. లాగితే గడ్డి లేస్తది."

మధ్యాహ్నానికి ఆమె నాలుగు డెసిమళ్ళు లేపింది. నేను ముప్పావు. నా అరచేతుల్లో రెండు బొబ్బలు. ఆమె చేతులకి ఏమీ లేదు.

జూన్ 19

నిన్న లాగడం గురించి ఆమె అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. లోకంలో నేల తవ్వే ఇనుములు రెండు వంశాలు. ఒకటి కాలితో తొక్కి ముందుకి నెట్టేది, రెండోది చేత్తో ఎత్తి వెనక్కి లాగేది. ఇంగ్లండులో, ఐర్లండులో తొక్కే పార. దాని భుజం మీద బూటు కాలు ఆనించి ఒళ్ళు బరువంతా వేస్తారు. మనది చెప్పుల్లేని కాలు. వరిమడిలో అయితే మోకాలి లోతు బురద. ఒట్టి అరికాలితో ఇనుప అంచుని రోజంతా తొక్కడం ఎవరి తరమూ కాదు. అందుకే మన పార కామకి అడ్డంగా వంగి ఉంటుంది, మనిషి నడుము వంచుతాడు, ఇనుము తనవైపు వస్తుంది. మన పనిముట్టు మొరటుది, వాళ్ళది శాస్త్రీయం అని స్కూల్లో ఎవరో చెప్పగా విన్నాను, నేనూ పిల్లలకి చెప్పి ఉంటాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పార మన కాలినీ మన మట్టినీ చూసి పుట్టింది.

జూన్ 27

పార కామ ఊగుతోంది, అంచు మొండిబారింది. అప్ప చెప్పిన కమ్మరి దగ్గరికి వెళ్ళాను. ఊరి బయట, బరంపురం రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఆయన ఒడియా మాట్లాడతాడు, తెలుగు అర్థమవుతుంది. ఒడియాలో ఆయన కమార, తెలుగులో కమ్మరి. రెండూ సంస్కృతంలోని కర్మార నుంచి వచ్చినవే. ఒకే కొలిమి ముందు రెండు భాషలూ చలి కాచుకున్నాయి.

తిత్తి లేదు. చేత్తో తిప్పే ఫ్యాను ఉంది. దాగలి మాత్రం పాతది, వాళ్ళ తాత నాటిదట. మూలన లారీ కమాను పట్టీల కుప్ప. అంత మంచి ఉక్కు ఇంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు. రోడ్డు గుంతలన్నీ తట్టుకుని లక్షల మైళ్ళు వంగి లేచిన ఉక్కు, పాతబడ్డాక కత్తిగా, బొరిగెగా మారుతుంది.

నా చేతిలో అరిగిన పార చూసి ఆయన ముందు అడిగింది పార గురించి కాదు. "నిలబడండి మాస్టారూ" అన్నాడు. నిలబడ్డాను. "గడ్డి చెక్కుతున్నట్టు వంగండి." వంగాను. నా చేతుల ఎత్తు చూశాడు. తవ్వే పారకి నోరు తెరిచి ఉండాలి, చెక్కే పారకి నోరు మూసి ఉండాలి, ఇదీ ఆయన లెక్క. అంటే పార రేకుకీ కామకీ మధ్య సందు. తవ్వేటప్పుడు రేకు నిలువుగా దిగాలి. చెక్కేటప్పుడు మనిషి వంగిన చోట రేకు నేలకి సమాంతరంగా పడుకోవాలి. మనిషి పొడుగైతే నోరు కాస్త తెరవాలి, పొట్టయితే ఇంకాస్త మూయాలి. బజారు పార అందరికీ ఒకే నోటితో వస్తుంది. నాన్న నాకంటే నాలుగు వేళ్ళు పొట్టి. మూడు రోజులుగా నా నడుం నొప్పికి కారణం తెలిసింది. నేను నాన్న నడుముకి వంచిన పార పట్టుకున్నాను.

కాల్చి, నాలుగు దెబ్బలతో నోరు సరిచేశాడు. అంచుని సుత్తితో సన్నం చేసి మళ్ళీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. ఆ తరవాత చేసిన పని చూడవలసింది. అంచు పక్కన ఇసుక రాయితో తోమి మెరిపించి, ఇంకా వేడిగా ఉన్న వెనకభాగం నుంచి వేడి మెల్లగా అంచువైపు పాకుతుంటే రంగు కోసం చూశాడు. ముందు గడ్డి రంగు, తరవాత ఇటుక రంగు, తరవాత వంకాయ రంగు. నీలం తిరగబోయే క్షణంలో మళ్ళీ ముంచేశాడు. గడ్డి రంగు దగ్గరే ఆపితే అంచు రాయి తగిలి పెళుసుగా విరుగుతుంది. నీలం దాటిపోతే మెత్తబడి మడత పడుతుంది. ఆ కొలతకి ఆయన దగ్గర ఏ మీటరూ లేదు, కన్నే.

కొత్త కామ వెదురు వద్దన్నాడు. చెక్కేటప్పుడు చేతిలో తిరిగిపోతుందట. తుమ్మ కర్ర వేశాడు.

జూలై 3

వాన. పని లేదు. బకెట్లో వేసిన తుంగగడ్డలు లెక్కపెట్టాను. రెండు గజాల చదరంలో మూడు వందల పన్నెండు. గొలుసులా ఒకదాని వెనక ఒకటి. పై గడ్డ తెంపితే కింద నిద్రపోతున్న గడ్డ లేస్తుంది. ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు మొక్క ఏదని వృక్షశాస్త్రవేత్తలు లెక్కకట్టినప్పుడు మొదటి స్థానం దీనికే ఇచ్చారు. మిషన్ నా పెరడు గొరిగినప్పుడు గరిక నీడ తప్పించి దీనికి వెలుతురు ఇచ్చినట్టయింది.

దీనికి పార కాదు, బొరిగె కావాలి. గొంతుక్కూర్చుని, ఆకు పక్కన నిటారుగా దించి, గడ్డని అడుగు నుంచి ఎత్తాలి. తెగనివ్వకూడదు. అప్ప ఒక్కో గడ్డకీ రెండు కదలికలకి మించి తీసుకోదు.

జూలై 21

గడ్డిపెళ్ళ లేపడానికి వేరే దేశాల్లో ఏం వాడతారో పుస్తకాల్లో వెతికాను. ఎక్కువ చోట్ల గడ్డిని వదిలించుకోవడానికి కాదు, గడ్డి కోసమే ఇనుములు చేసుకున్నారు. ఐర్లండులో స్లాన్ అనే సన్నని పారకి పక్కన ఒక రెక్క ఉంటుంది. ఒక్క పోటుతో బురదనేల నుంచి ఇటుకలాంటి ముక్క రెండు వైపులా తెగి వస్తుంది. అది ఎండితే పొయ్యిలో కట్టె. స్కాట్లండులో ఫ్లాక్టర్ పారని తొడల బలంతో ముందుకి తోసి ఇంటి కప్పుకి పల్చటి గడ్డిచాపలు కోసేవాళ్ళు. ఇంగ్లండులో బ్రెస్ట్ ప్లౌ ఉండేది. పేరు రొమ్మునాగలి అయినా తోసేది తొడలతోనే. తొడలకి చెక్కపలకలు కట్టుకుని తోసి, ఆ గడ్డిపెళ్ళలని ఎండబెట్టి కాల్చి బూడిద చల్లేవాళ్ళు. మన కొండల్లో పోడు కొట్టి కాల్చే పనికి ఇది దూరపు చుట్టం. అమెరికా మైదానాల్లో కలప దొరక్క, గడ్డిపెళ్ళలనే ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు.

పులాస్కీ కథ నాకు అన్నిటికంటే నచ్చింది. ఎడ్ పులాస్కీ అమెరికా అటవీశాఖ రేంజరు. 1910లో ఇడాహో అడవుల్లో పెద్ద కార్చిచ్చు రేగినప్పుడు తన కూలీలని ఒక గని సొరంగంలోకి తీసుకుపోయి కాపాడాడు. ఒక వైపు గొడ్డలి, ఇంకో వైపు గడ్డి తవ్వే పార ఉన్న పనిముట్టు ఆయన పేరుతోనే నిలిచింది. అడవి మంటకి అడ్డంగా నేల మీద గడ్డీ వేరూ లేకుండా చెక్కి ఒక గీత గీయడానికి దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. నీళ్ళు దొరకని చోట నిప్పుని ఆపేది చెక్కిన నేలే.

ఆగస్టు 11

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీదే. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి మాటలు సేకరించారు. నాగలిలో, పారలో, గంపలో, గట్టులో ఒక్కో భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో రాసుకున్నారు. తెలుగులో ఇంత గొప్ప పని తక్కువగా జరిగింది. ఆ పుస్తకం ముందు నేను తలవంచుతాను.

కానీ అది ఆంధ్రప్రదేశ్ పదకోశం. మా గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, ఆ రోజు ఒడిశాలో కలిసింది. అస్కాలో, బరంపురంలో తెలుగు మాట్లాడే ఇళ్ళు అప్పటికే తరతరాలుగా ఉన్నాయి. గీత మారింది కానీ పెరడు మారలేదు. మా ఇళ్ళలో పనిముట్ల పేర్లు రెండు భాషల్లోనూ తిరుగుతాయి. పార అంటాం, కూలీతో కొడి అంటాం. గునపం అంటాం, కమారతో శాబళ అంటాం. బొరిగెకి ఖురుపి. గరికకి దూబ. తుంగకి ముథా. అమ్మ వంటింట్లోంచి "ఆ కొడి ఇలా తే" అని నాన్నతో అంటే అది ఒడియా మాట అని మాకు ఎప్పుడూ తోచలేదు. కొదళా ఊరికి పోయే బస్సు కేక వినిపిస్తే చిన్నప్పుడు నాకు కొదాళే గుర్తొచ్చేది. ఒడియాలో పారకి అదీ ఒక మాట.

ఇవాళ్టి నుంచి అప్ప నోటి మాటలు ఒక పక్క పుటలో రాసి పెడుతున్నాను. గడ్డి చెక్కు, దోకు, గోకు, పెకలించు, పెళ్ళ లేపు. ఒక్కోటీ ఒక్కో కదలిక. వీటన్నిటికీ మా మనవడు క్లీన్ చేయడం అంటాడు.

సెప్టెంబర్ 7

వినాయక చవితి. పొద్దున్నే ఇద్దరు పిల్లలు గేటు దగ్గర నిలబడ్డారు. "తాతగారూ, గరిక ఉందా?" ఇరవై ఒక్క పత్రుల్లో దూర్వాయుగ్మం, అంటే జంట గరిక. వీధి అంతా సిమెంటు అయ్యాక గరిక మా పెరట్లోనే మిగిలింది. మూడు నెలలుగా దానితో పోరాడుతున్నవాణ్ణి, ఇవాళ ఎక్కడ మంచి కొసలున్నాయో వెతికి కోసి ఇచ్చాను. నూతి పక్కన ఒక మంచం మేర గరిక ఉంచేయమని అప్పకి చెప్పాను. ఆమె దాని చుట్టూ గునపంతో ఒక గాడి తీసింది. అరచేతి వెడల్పు గాడిని నెలకోసారి చెక్కుతుంటే గరిక దాటి రాదట.

సెప్టెంబర్ 17

విశ్వకర్మ పూజ. కమ్మరి షెడ్డుకి మామిడాకులు కట్టారు, కొలిమి చల్లగా ఉంది. సుత్తి, సమ్మెట, పటకార్లు కడిగి పసుపు కుంకుమ పెట్టారు. నాకో ప్రసాదం పొట్లం. ఆయన కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తాడు. గంజాంలో ఏ ఊరికి పోయినా ఈ వాక్యం వినిపిస్తుంది. పండక్కి రాలేదు, ఫోను చేశాడు.

కేంద్ర ప్రభుత్వం నిరుడు ఇదే రోజు మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, కమ్మరం కూడా ఉంది. పనిముట్లకి పదిహేను వేల రూపాయల దాకా ఇస్తారు. పేరు రాయించుకోమన్నాను. రాయించుకుంటానన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు, "సామాను ఉంది మాస్టారూ. సమ్మెట ఎత్తే రెండో మనిషి లేడు." దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపు ఫ్యాను నేనే తిప్పి వస్తానని మాటిచ్చాను, ఏ రోజు పిలిచినా.

సెప్టెంబర్ 29

సాయంత్రం నది ఒడ్డుకి వెళ్ళాను. బొడొనది ఋషికుల్యలో కలిసే చోటు. ఇసుక తిన్నెల మీద రెల్లు పూసింది. మేఘం నేలకి దిగినట్టుంది. గట్టు మీద చెరుకు తోట ఉన్న మిత్రుడు పక్కనే నిలబడి దాన్ని తిట్టుకుంటున్నాడు. దాని వేరు గునపానికి కూడా లొంగదు.

కానీ చెరుకు కథలో ఈ గడ్డికి పెద్ద చోటు ఉంది. కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు తీపి చెరుకు జాతికి ఈ అడవి రెల్లుతో సంకరం చేసి ఒక రకం తీశారు. 1918లో రైతులకి ఇచ్చారు. దాని పేరు కో 205. తరవాత వచ్చిన కోయంబత్తూరు రకాలతో దేశంలో చెరుకు రూపమే మారిపోయింది. అస్కాకి చెరుకుతో పాత బంధం. మించిన్ అనే దొర చక్కెర ఫ్యాక్టరీ నడిపింది ఇక్కడే, ఇప్పటి సహకార కర్మాగారం కూడా ఇక్కడే. ఆ కోయంబత్తూరు చెరుకుకి తెగుళ్ళని తట్టుకునే సత్తువ ఇచ్చినది మనం గట్టు మీంచి తవ్వి పారేసే ఈ గడ్డే. మిత్రుడికి చెప్పాను. కాసేపు రెల్లువైపు చూసి, "అయినా నా గట్టు మీద వద్దు" అన్నాడు. అతనిదీ న్యాయమే.

అక్టోబర్ 12

దసరా. పనిముట్లు అన్నీ కడిగి, నూనె రాసి, వరసగా పెట్టి పూజ చేశాం. పదకొండేళ్ళ కిందట ఇదే తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు వీధిలో పడిన చెట్లని నరికి దారి చేసింది, ఇళ్ళ చుట్టూ నిలిచిన నీటికి గాడి తీసింది ఈ ఇనుములే. అప్పుడు నాన్న పార పట్టుకుని వీధి మొదటి నుంచి చివరి దాకా గాడి తవ్వాడు. ఆయనకి అప్పుడు డెబ్బై నాలుగు.

పూజ అయ్యాక అప్ప తన ముత్తాతల మాట చెప్పింది. వాళ్ళు ఒడ్డెలు, మట్టిపని వాళ్ళు, చెరువులు తవ్వినవాళ్ళు. థర్‌స్టన్ 1909లో వేసిన కులాల పుస్తకంలో ఒడ్డె అన్న పేరు ఓఢ్ర దేశం నుంచి, అంటే ఒడిశా నుంచి వచ్చిందని రాశాడు. దక్షిణాదిలో ఎన్ని చెరువులు, ఎన్ని బావులు, ఎన్ని రైలు కట్టలు వాళ్ళ పార మీద లేచాయో. 1866 కరువు ఈ జిల్లాని తినేశాక ఋషికుల్య కాలువలు తవ్వించారు, సొరడా, రస్సెల్‌కొండ జలాశయాలు కట్టించారు. వాటి మట్టి అంతా మనుషుల తలల మీద గంపల్లో నడిచింది. ఇంజినీర్ల పేర్లు రికార్డుల్లో దొరుకుతాయి. పార పట్టిన ఒక్కరి పేరూ దొరకదు.

ఓఢ్ర దేశం పేరు మోసుకుని తెలుగు దేశమంతా తిరిగి మట్టి ఎత్తిన కులం. ఆ కులపు ఆడపడుచు కోడలుగా మళ్ళీ ఒడిశాకే వచ్చి మా పెరట్లో గడ్డి చెక్కుతోంది. ఈ మాట ఆమెతో అంటే, "అయితే నేను పుట్టింటికే వచ్చినట్టు బాబూ" అంది.

అక్టోబర్ 24

దానా తుపాను వస్తోందని రెండు రోజులుగా హెచ్చరికలు. వీధిలో అందరి పారలూ బయటికి వచ్చాయి. కాలువల నోళ్ళలో గడ్డి పేరుకుని పెళ్ళ కట్టింది. తీసేస్తేనే నీరు పారేది. అప్ప, నేను, ఇంకో ఇద్దరం గడ్డి చెక్కాం. నా పార ఇప్పుడు నా చేతికి కుదిరింది. తుపాను ఉత్తరాన భితరకనిక వైపు పోయేలా ఉందని రాత్రి వార్తల్లో చెప్పారు. మాకు వాన పడితే చాలు, నీరు పోయే దారి ఉంది.

నవంబర్ 17

జూన్‌లో లేపిన గడ్డిపెళ్ళలని గోడ పక్కన తిరగేసి పేర్చాం. గడ్డి కిందకి, వేరు పైకి. మీద పాత గోనెలు. తుంగ ఉన్నవాటిని మాత్రం విడిగా ఎండబెట్టి కాల్చాం. ఇవాళ కుప్ప తెరిచి చూస్తే అడుగున నల్లటి పొడి మట్టి, వానపాములు. ఇంకా ఆరు నెలలు ఉంచితే మొత్తం ఎరువవుతుందట. గడ్డి తిన్నదంతా నేలకి తిరిగి ఇచ్చేసింది.

నేల ఖాళీగా ఉంది. వంగనారు వేశాం.

డిసెంబర్ 22

మిత్రుడి తోటలో చెరుకు నరుకుతున్నారు. కార్శి తోట, అంటే పాత మోళ్ళ నుంచే మళ్ళీ వచ్చే చెరుకు, కావాలంటే నరికిన మోళ్ళని మళ్ళీ నేల మట్టానికి చెక్కాలి. మోడు పైన మిగిలితే పిలక గాల్లో పుడుతుంది, వేరు పట్టదు, ఈదురుగాలికి పడుతుంది. నేల మట్టానికి చెక్కితే లోపలి కన్నులోంచి పిలక వస్తుంది. ఈ చెక్కుడికి కొత్త పార పనికిరాదు, మోడు చీలుతుంది. పల్చటి పదునైన అంచు కావాలి, ఒక్క వేటుకి తెగాలి.

మిత్రుడి కూలీలు అరిగిన పార కోసం వెతికితే ఊళ్ళో దొరకలేదు. ఉన్నవన్నీ పాత ఇనుము వాడికి కిలోల లెక్కన పోయాయి. నాన్న మూడో పార తెచ్చి ఇచ్చాను. రెండు రోజుల్లో రెండు ఎకరాల మోళ్ళు చెక్కి తిరిగి ఇచ్చారు. అంచు ఇంకో వేలు తగ్గింది. కమ్మరికి చూపిస్తే ఇంకా బతికే ఉందన్నాడు. ఈసారి దాన్ని బొరిగెగా కోసి ఇస్తానన్నాడు.

మీ ఇంట్లో, మీ పాత ఊళ్ళో, గోడ మూలన అరిగిపోయిన పార ఉంటే దయచేసి పాత ఇనుములో వేయకండి. ఇంకా కొలిమి వెలుగుతున్న కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళండి. ఆయన ముందు ఒకసారి నిలబడి, వంగి చూపించండి.